ఊరు చెప్పే వంతు

మా గోరంట్ల బండ్ల స్టాండులో ఏడాదికొకరికి ఊరు చెప్పే వంతు వస్తుంది. చింతపండు సీజన్ అయిపోయి, చెనక్కాయ విత్తడానికి ఇంకా వాన పడక, బండ్లకు బాడుగలు లేక మేమంతా రేకుల షెడ్డు కింద ఈగలు తోలుకునే మే నెలలో, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నాలుగు బండ్లు ఏదో ఒక కొండకు పోతాయి. ఏ కొండకన్నది వంతు వచ్చినవాడి ఇష్టం. వాడు ఊరు పేరు చెప్పి అందరికీ టీలు తాగిస్తాడు. టీ తాగాక ఇంక ఎవరూ నోరెత్తకూడదు. కొండే ఎందుకని బయటివాళ్లు అడిగితే మా వీరప్ప ఒకటే చెబుతాడు. "సంవత్సరమంతా పెనం మీద ఉంటాం గదప్పా, నాలుగు దినాలు దిగి కూచుంటాం."

అట్లా నంది కొండకు పోయాం, హార్స్‌లీ కొండకు పోయాం. అన్నీ మాకు పూట దూరంలో ఉన్న పిల్ల కొండలే. ఘాట్ అనదగ్గ ఘాట్ అప్పటికి మాలో ఎవరమూ దిగలేదు. అయినా ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాణ్ని కాబట్టి ప్రతి ఏడూ ముందు బండి నాదే. రసూల్ సాబ్ ముందు పోతుంటే వెనక కళ్లు మూసుకుని పోవచ్చని అనేవాళ్లు. ఆ మాటకు నేను ఉబ్బిపోయేవాణ్ని కూడా.

ఇది నిరుటి మే నెల సంగతి. అంతకు ముందేడు వంతు ఓబిలేష్‌ది. వాడు ఊరు చెప్పకుండానే పోయాడు. మార్చి నెలలో చింతపండు లోడు వేసుకుని మంగళూరు పోతూ చార్మాడి ఘాట్‌లో బండి కొండకు గుద్దుకుని చనిపోయాడు. ముప్పై ఆరేళ్లు. ఆ ఏడు మేం ఎక్కడికీ పోలేదు. నిరుడు మళ్లీ మాట వచ్చేసరికి, వాడి లగేజీ బండిని బాగు చేయించుకుని వాడి భార్య జయంతి నడుపుతోంది. పుట్టింట్లో ట్రాక్టరు తోలిన పిల్ల, చేయి తిరిగిందే. బండి ఎవరిదో వంతు కూడా వాళ్లదే అన్నాడు వీరప్ప. ఎవరూ కాదనలేదు.

జయంతి టీలు చెప్పింది. మేం గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. ఊటీ అంటుందని ఆంజనేయులు, కొడైకెనాల్ అంటుందని వీరప్ప పందెం వేసుకున్నారు.

"చార్మాడి పోదాం" అంది జయంతి.

వీరప్పే మెల్లగా అందుకున్నాడు. "అది కాదు పాపా. యాడన్నా సంతోషంగా ఉండే తావుకు పోవల్ల గానీ, ఆ తావే ఎందుకు?"

"నేను ఏడ్చేకి పోదామంటల్యా అన్నా. కడా దినం పోయే ముందు ఆయన ఏం చూసినాడో నేనూ ఒకసారి చూడల్ల. అంతే."

అందరూ నా ముఖం చూశారు. ముందు బండివాడు నేనే కదా. వద్దనాలని నోటిదాకా వచ్చింది. టీ మాత్రం తాగేశాను.

ఎందుకు వద్దనాలనిపించిందో ఇక్కడే చెప్పేస్తాను.

ఓబిలేష్ నా దగ్గరే బండి నేర్చుకున్నాడు. నన్ను చిన్నాయనా అనేవాడు, ఆ లెక్కన జయంతికి నేను మామను. వాడికి నేను నేర్పినవాటిలో మా వైపు బండ్లవాళ్లందరికీ అలవాటైనది ఒకటుంది. దిగుడు వచ్చిందంటే గేరు తీసి న్యూట్రల్ కొట్టేయడం. బండి తన బరువుకు తానే జారుకుంటూ పోతుంది, డీజిల్ మిగులుతుంది. మా నేల మీద దిగుడంటే ఎంత, రెండు ఫర్లాంగులు. ఆ తర్వాత ఎలాగూ ఎగుడు వస్తుంది, బండి దానంతటదే నిదానిస్తుంది. ముప్పై ఏళ్లు ఇట్లాగే నడిపాను. స్టాండులో దీన్ని సాబు పద్ధతి అనేవాళ్లు. నంది కొండ దిగినప్పుడు బ్రేకుల నుంచి కమురు వాసన వస్తే, అదేదో తమాషా అనుకుని నవ్వుకున్నాం.

ఓబిలేష్‌ను తీసుకురావడానికి చార్మాడి పోయింది నేనూ వీరప్పా. వీరప్ప పోలీసుల దగ్గర ఉంటే నేను బండి కాగితాల కోసం క్యాబిన్‌లోకి ఎక్కాను. చేయి గేరు రాడ్డుకు తగిలింది. రాడ్డు లొడలొడమని అటూ ఇటూ ఊగింది. న్యూట్రల్‌లో ఉంది. కింద నిలబడ్డ అక్కడి లారీ డ్రైవరొకడు, ఈ ఘాట్‌లో రెండో గేరు వదిలితే బండి మొత్తం బ్రేకుల మీద పడుతుందని, పది మైళ్లు నొక్కిపెడితే అవి కాలిపోయి కాలు కింద మెత్తగా అయిపోతాయని ఎవరికో చెబుతున్నాడు. ఏం ఆలోచించానో నాకే తెలియదు. రాడ్డును మూడో గేరులోకి తోసి, కాగితాలు తీసుకుని దిగాను.

బండి గేరులోనే ఉంది కాబట్టి బ్రేకులు ఫెయిలని పోలీసులు రాసుకున్నారు. నాలుగు రోజుల ముందే ఆ బండికి బ్రేకులు వేసింది అతావుల్లా. స్టాండు పక్కన మెకానిక్ షెడ్డు వాడిది. వాడు నా భార్య నూర్జాన్‌కు తోడబుట్టిన తమ్ముడు. చావింటి వాకిట్లో జయంతి వాణ్ని నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టింది. నా పని సరిగ్గానే ఉండాదక్కా అని వాడు చెప్పబోతే వినేవాళ్లు ఎవరు? ఆ తర్వాత ఒక్క బండీ వాడి షెడ్డుకు పోలేదు. రెండు నెలలకు తాళం వేసుకుని, హిందూపురంలో పంచర్లు వేసుకోవడానికి పోయాడు. తిట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇప్పటికీ ఆ మాట రాయాలంటే చేయి రావడం లేదు.

కాబట్టి చార్మాడి అనగానే నాకు ఆ ఘాట్ కనబడలేదు, చేతి కింద ఊగిన రాడ్డు కనబడింది. ఆ మలుపు దగ్గర అక్కడివాళ్లు ఎవరైనా జయంతికి నాలుగు ముక్కలు చెబితే చాలు, నా బతుకు బజారున పడుతుంది.

వారం తిరక్కుండా స్టాండులో ఒక మాట వేశాను. "మంగళూరు పోయే లారీవాడు చెప్పినాడప్పా. చార్మాడిలో గోడ కడతాండారంట. రోడ్డు మూసినారంట."

"ఎప్పుడు తెరుస్తారంట?" అన్నాడు ఆంజనేయులు.

"వానలు పడినంక అంట."

ముప్పై ఏళ్లలో స్టాండులో నేను చెప్పిన దారి తప్పని తేలలేదు. అందుకని ఎవరూ ఇంకొకరికి ఫోన్ చేసి అడగలేదు. వీరప్పకు లోపల హాయిగా ఉన్నట్టుంది, వెంటనే హార్స్‌లీ కొండ అన్నాడు. పోయిన కొండే అయినా చల్లగా ఉంటుంది, దగ్గర. అందరూ జయంతి వైపు తిరిగారు.

"రోడ్డే ల్యాకపోతే ఏం చేస్తాం. సరే మామా, హార్స్‌లీకే పోదాం" అంది.

అంత సులభంగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. గెలిచిన మాట నిజమే. ఇంటికి పోయేటప్పుడు మాత్రం వాళ్ల వీధి తప్పించి చుట్టు తిరిగి పోయాను.

ఆ వారంలోనే నా బండికి క్లచ్ ప్లేటు పోయింది. జయంతికి మడకశిరకు గొర్రెల బాడుగ వచ్చింది. గొర్రెలు ఎప్పుడూ వేయలేదు మామా, తోడు రా అని పిలిస్తే పక్కన కూర్చుని పోయాను. పొద్దున్నే బయల్దేరాం. తొమ్మిదికే గాలి పొయ్యి ముందరి గాలిలా కొడుతోంది. దారి పొడుగునా నీళ్ల ట్యాంకర్లే ఎదురొచ్చాయి. వెనకాల గొర్రెలు ఒకటే అరుపు.

మడకశిర ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు కిందికి వాలింది. జయంతి ఎడమ చేయి అలవోకగా కదిలింది. ఇంజను గోల తగ్గిపోయింది. టైర్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. గొర్రెలన్నీ ముందుకు జరిగి క్యాబిన్‌కు ఒరుసుకున్నాయి.

న్యూట్రల్ కొట్టింది.

"గేరెయ్యమ్మా" అన్నాను. గొంతు పెద్దదయింది.

"ఎందుకు మామా? ఎదురుగా ఏం ల్యా గదా."

"ఎయ్యమంటే ఎయ్యి."

వేసింది. బండి ఒక్కసారి ఈడ్చినట్టయింది. ఆమె నా వైపు చూసి నవ్వింది. "నీ పద్ధతే గదా మామా ఇది. ఆయన నాకు ట్రాక్టరు మీదనే నేర్పినాడు. మా చిన్నాయన దగ్గర నేర్చుకున్నది, చేత్తో పట్టుకున్నంత భద్రమని చెప్పేటోడు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బీడు చేలు, రాళ్లు, ఎండిన చెరువు. ఏమీ కనబడడం లేదు నాకు. చార్మాడి నుంచి తప్పించి ఏం తప్పించాను? హార్స్‌లీ కొండ కొండ కాదా? ఊటీ అయినా, ఇంకోటి అయినా, కొండ ఎక్కినవాళ్లు దిగాలి. దిగేటప్పుడు ఆ చేయి ఇట్లాగే అలవోకగా కదులుతుంది. వెనకాల వంట సామానంతా ఈమె బండిలోనే. మలుపు మలుపుకీ బ్రేకు నొక్కుతుంది. నేను ముందు బండిలో పోతూ అద్దంలో చూసుకుంటూ ఉంటాను. గేరు వేయమని ఊరికే చెబితే సరిపోదా అనుకున్నాను. సరిపోదు. మొగుడు చెప్పిన మాటను కాదనడానికి ఆమెకు కారణం కావాలి. ఆ కారణం ఒకటే ఉంది.

రెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. ఎవరికీ తెలియకుండా ఆమె గేరు పద్ధతి మార్చే ఉపాయం దొరుకుతుందేమో అని వెతికాను. ఆ ఉపాయాల్లో ఒక్కటీ ఆమె కోసం కాదు, అన్నీ నా కోసమే. అది తెలిసొచ్చాక మూడో రోజు మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను.

జయంతి వాకిట్లో నీడకు కూర్చుని దబ్బనంతో బండి లోడు మీద కప్పే పట్ట కుడుతోంది. నన్ను చూసి చాప వేయబోయింది. వద్దని, నిలబడే చెప్పాను. కూర్చుంటే లేవలేనేమో అనిపించింది. రాడ్డు ఊగిన సంగతి, నేను తోసిన సంగతి, లారీ డ్రైవరు మాట, రోడ్డు మూశారన్న అబద్ధం, అన్నీ. ఆమె చేయి ఆగలేదు. ఒక కుట్టు, ఇంకొక కుట్టు.

"గేరు నీవు మార్చినావా?" అంది చివరికి.

"ఆ."

"ఎందుకు?"

"అది సాబు పద్ధతి అని అందరికీ తెలుసు గదమ్మా."

దారం కొరికి తెంపింది. "అతావుల్లాను నేను ఈడనే, నీవు నిలబడిన తావులోనే నిలబెట్టి తిట్టినా మామా. మీ యమ్మ కడుపు కాలా అన్నా. వాళ్లమ్మ చచ్చిపోయి నెల కూడా కాల్యా అప్పటికి. నీకు తెలుసు ఆ సంగతి."

"తెలుసు."

"మల్ల ఊరకుంటివి."

కోపంతో అరిచినా, కొట్టినా బాగుండేది. ఆమె మళ్లీ దబ్బనంలోకి దారం ఎక్కించుకుంది.

"ఇప్పుడు కూడా నాకు తెలియకుండా ఉండాలనే చూస్తివి. నేను గొర్రెలకు పోకుంటే హార్స్‌లీలో దిగుతాంటి గదా, అదే పద్ధతిలో" అంది. పట్ట పక్కకు నెట్టి, "ముందు పోయి అతావుల్లాతో చెప్పు. మల్ల స్టాండులో చెప్పు. ఊరు మాత్రం చార్మాడే" అంది.

ఆ సాయంత్రం నూర్జాన్ సంగటి కెలుకుతుంటే చెప్పాను. చెబుతున్నంతసేపూ కెలుకుతూనే ఉంది. చెప్పడం అయిపోయాక తెడ్డు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నా తమ్ముడు సంవత్సరంగా ఈ గడప తొక్కల్యా. ఎందుకు తొక్కలేదో నాకు తెలియక, వాడి మీదనే అలిగినా నేను. నీకు తెలుసు. తెలిసి ఈడనే కూచోని మూడు పూట్లా తిన్యావు."

అంతే. కంచంలో ముద్ద పెట్టింది, కూర వేసింది, లోపలికి పోయింది. మరునాడు పొద్దున నేను లేచేసరికి ఇంట్లో లేదు. మొదటి బస్సుకే హిందూపురం పోయింది తమ్ముడి దగ్గరికి. నేను వెనకాల ఇంకో బస్సులో పోయి, పంచర్ల అంగడి ముందు, ట్యూబు నీళ్లలో ముంచి పట్టుకున్న బామ్మర్ది ముందు నిలబడ్డాను. వాడికి అప్పటికే అక్క చెప్పేసింది. నేను చెబుతుంటే తలెత్తకుండా నీటి బుడగలు చూస్తూ విన్నాడు. "బావా, నీవు చెప్పింటే ఆ పొద్దే నమ్మేటోళ్లు, నీ మాటకు అంత విలువ ఉండె" అన్నాడు.

స్టాండులో చెప్పినప్పుడు ఎవరూ ముఖం ఎత్తలేదు. మాలో ప్రతివాడూ న్యూట్రల్ కొట్టినవాడే. చివరికి వీరప్పే నోరు విప్పాడు. "అదట్ల పెడితే, ఆ రోడ్డు మూసింది కూడా నీవేనా సాబన్నా? ఒక్క మాటతో కొండకు తాళమేస్తివే!" నవ్వాలని చూశాడు గానీ సగంలోనే ఆగిపోయాడు. ఆంజనేయులు లేచి పోయి తన బండిలో కూర్చున్నాడు.

బయల్దేరే ముందు రోజు అతావుల్లా వచ్చాడు. జయంతే ఫోన్ చేసి పిలిచింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, మాట్లాడుకున్నాక ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. నాలుగు బండ్ల చక్రాలూ విప్పి బ్రేకులు చూశాడు. నా బండి ఆఖర్న చూశాడు. నల్లగా మాడిన లైనింగు చేత్తో పట్టుకుని నా ముందుకు చాపాడు. "ఇది అరిగింది కాదు బావా, కాలింది" అన్నాడు. కొత్తది వేసి పోయాడు.

ముందు బండి నేను నడపనని చెప్పాను. వద్దని ఎవరూ బతిమాలలేదు. నా క్రూజర్ బండిని ఆంజనేయులి అన్న కొడుకు తీసుకున్నాడు, ముందు జయంతి బండి పోతుందన్నారు. నూర్జాన్ వీరప్ప బండి ఎక్కింది. ఆ మాటకొస్తే ఆమె ఈ రోజుకీ నా బండి ఎక్కదు. కదిరి పోవాలన్నా బస్సుకే పోతుంది. ఇంట్లో మాట్లాడుతుంది, వండుతుంది, జ్వరమొస్తే నుదురు మీద తడిగుడ్డ వేస్తుంది, నా బండి మాత్రం ఎక్కదు.

నేనెక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే, జయంతి తన బండి ఎడమ తలుపు లోపలి నుంచి తీసింది. "ఎక్కు మామా. దిగేటప్పుడు నాకు గేరు చెప్పేకి ఒకరుండల్ల." ఎగతాళి చేసిందో, నిజంగానే అందో తెలియలేదు. ఎక్కాను.

తుమకూరు దాటి, చిక్కమగళూరులో రాత్రి ఆగి, తెల్లవారి ఘాట్ పైనున్న కొట్టిగెహార చేరాం. మా పిల్లలు బండ్లలోంచి తలలు బయట పెట్టి, చెట్లకు నీళ్లు ఎవరు పోస్తారని అడిగారంట. వీరప్ప రోజంతా ఆ మాటే చెప్పుకుని నవ్వాడు. ఘాట్ మొదట్లో జయంతి బండి ఆపి, బోర్డు ముందు నిలబడింది. మేం మడకశిర వైపు తిరిగేవాళ్లం కాబట్టి కన్నడం కొంచెం కూడబలుక్కోగలం. తక్కువ గేరులో దిగమని ఉంది. చదివి, వచ్చి కూర్చుని, రెండో గేరు వేసింది.

ఇంజను మూలుగుతూ బండిని పట్టుకుంది. మలుపు మీద మలుపు. ఒక పక్క కొండ, ఇంకో పక్క కళ్లు తిరిగేంత లోతు, ఆ లోతంతా పచ్చదనం. జయంతి చేయి రాడ్డు మీదే ఉంది, ఒక్కసారి కూడా కదలలేదు. నేను గేరు చెప్పాల్సిన పనే పడలేదు. ఆ మలుపు వచ్చింది. కొండకు ఆనించి కట్టిన గోడ మీద ఇంకా గీరిన గుర్తు ఉంది. ఆమె ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. బండి ఇంకా నిదానం చేసి, ఆ గోడను పై నుంచి కిందికి చూసి, ముందుకు పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

దిగాక చార్మాడి ఊళ్లో ఒక టీ అంగడి దగ్గర ఆపింది. మిగతా బండ్లు ఇంకా పైనే ఉన్నాయి. బాటిల్లో నీళ్లు తీసుకుని ముందు చక్రం మీద పోసింది. చుయ్యిమనలేదు. నీళ్లు ఊరికే కారిపోయాయి. చేత్తో తాకి చూసుకుంది.

"సల్లగా ఉండాది మామా" అంది.

"ఆ."

చేతులు చీర కొంగుకు తుడుచుకుని బండికి ఆనుకుని నిలబడింది. "ఒకటి అడుగుతా. ఆయన ఫోన్ నా దగ్గరే ఉండాది. కడా ఫోను నీకే చేసినాడు, పొద్దున ఆరున్నరకు. రెండు నిమిషాలు మాట్లాడినారు. చావు దినం నన్ను పట్టుకోని నీవు ఏడుస్తాంటే అడగలేకపోతి. మల్ల నీవే చెప్తావులే అనుకున్నా. మొన్న వాకిట్లో అన్నీ చెప్పినావు గానీ, ఇది చెప్పల్యా. ఏమన్నాడు?"

ఇంతసేపూ మీకు కూడా చెప్పలేదు ఈ సంగతి. నూర్జాన్‌కు చెప్పలేదు, అతావుల్లాకు చెప్పలేదు. అన్నీ చెప్పినవాడిలా చెప్పి, దీన్ని మాత్రం అడుగున దాచుకున్నాను.

ఆ పొద్దున నేను స్టాండు పక్క హోటల్లో ఉగ్గాని తింటున్నాను. ఫోన్ మోగింది.

"కొట్టిగెహార నుంచి చేసినాడమ్మా" అన్నాను. "చిన్నాయనా, ఈడ దిగుడు కొస కంటికి ఆనడంల్యా, మన పద్ధతి పనికొస్తాదా అని అడిగినాడు. నోట్లో ముద్ద పెట్టుకోని చెప్పినా నేను. దిగుడు యాడైనా దిగుడే గదరా, కొట్టు న్యూట్రల్ అన్నా."

జయంతి నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. పైన ఎక్కడో మా బండ్ల హారన్లు వినిపించాయి.

"అంతేనా?"

"ఇంకొక మాట అన్నాడు."

"చెప్పు."

"ఈసారి ఊరు చెప్పే వంతు నాదే గదా చిన్నాయనా, ఈ ఊరే చెప్తా అన్నాడు. ఇంత పచ్చదనం జయంతి పుట్టినప్పటి నుంచి చూసిండదు, తీసుకొచ్చి చూపీల్ల, చూసి ఆయమ్మి మొగం ఎట్ల పెడతాదో నేను చూడల్ల అన్నాడు. నవ్వి పెట్టేసినాడు."

ఆమె మెల్లగా తిరిగి, మేం దిగి వచ్చిన కొండ వైపు చూసింది. టీ అంగడివాడు రెండు గ్లాసులు తెచ్చి బండి ముందు పెట్టి పోయాడు. అవి అట్లాగే ఉన్నాయి. చివరికి నా వైపు చూడకుండానే అంది.

"ముందరి మాట దాచుకున్నావంటే నాకు అర్థమవుతాది మామా. ఈ మాట కూడా దాచిపెట్టుకుంటివే."